వేపకొమ్మ చెప్పిన అబద్ధం

మా ఇంటికీ కారం మరకీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఇల్లు కొనేటప్పుడు మధ్యవర్తి "పక్కన చిన్న మిల్లుందండి, రాత్రిళ్ళు ఆడదు" అన్నాడు. నిజమే చెప్పాడు. పగటి సంగతి నేను అడగలేదు.

ఊరి పేరు రాయను. గుంటూరు నుంచి బస్సులో ముప్పావు గంట అనుకోండి. నేను రోజూ పొద్దున్నే బ్రాడీపేటలో ఒక జూనియర్ కాలేజీకి వెళ్ళి సివిక్స్ చెప్పి సాయంత్రానికి తిరిగొస్తాను. బస్సులో నిద్ర చాలని పిల్లలు నా క్లాసులో పూర్తి చేసుకుంటారు. ఎవరికీ ఇబ్బంది లేని ఏర్పాటు.

కొత్త మిరపకాయ దిగిన దగ్గర నుంచి ఉగాది దాటేదాకా మా ఊళ్ళో ప్రతి ఇల్లూ ఏడాదికి సరిపడా కారం పట్టించుకుంటుంది. మేడ మీద కాయలు ఎండబెట్టడం, తొడిమలు తీయడం, గోతంలో కట్టి మరకి మోయడం. ఆ రెండు నెలలే మిల్లాయనకి సంవత్సరం. మిగతా పది నెలలూ పసుపూ, ధనియాలూ, ఎవరో తెచ్చిన రెండు కిలోల మినప్పిండీ. రైలు పట్టాలకి అవతల ఇంకో మర ఉంది. ఒకసారి ఒక ఇల్లు అటు వెళ్ళిందంటే మళ్ళీ ఇటు తిరగడానికి ఏళ్ళు పడుతుంది. ఆయన దగ్గర కాయ పట్టించుకునేవాళ్ళు వాళ్ళ నాన్న దగ్గర పట్టించుకున్నవాళ్ళ పిల్లలే. పేరుకి ముస్లిం అయినా ఆయన ఇంట్లో మాట్లాడేది మా ఇంట్లో మాట్లాడే తెలుగే, కాస్త గట్టిగా.

ఆ రెండు నెలలూ మా ఇంట్లో మాటలు తక్కువ, తుమ్ములు ఎక్కువ. ఆరేళ్ళలో మర మీద మూడు అర్జీలు పెట్టాను. మూడూ చక్కటి తెలుగులో ఉన్నాయని పంచాయతీ ఆఫీసులో గుమాస్తా మెచ్చుకున్నాడు. ఒకసారి ఇన్‌స్పెక్షనుకి ఎవరో వచ్చి చూసి వెళ్ళారు. అంతకు మించి ఏమీ జరగలేదు. రెండో అర్జీ సంగతి మిల్లాయనకి తెలిసి గేటు దగ్గరికొచ్చి, "సంతకాలు తక్కువ పడ్డాయంట గదా మాస్టారూ. నన్నూ పెట్టమంటారా? నాకూ దగ్గే" అన్నాడు. అలాంటి మనిషి మీద అర్జీ పెట్టడం చాలా కష్టం. మూడోది అందుకే కొంచెం ఆలస్యమైంది.

దేవుడి సంగతి కూడా చెప్పాలి. నాకు నమ్మకం లేదు. దాని వెనక పెద్ద కథేం లేదు. డిగ్రీ రెండో సంవత్సరంలో మా గదిలో నలుగురికీ ఒకేసారి పోయింది. ఉద్యోగాల వేటలో మిగతా ముగ్గురికీ తిరిగొచ్చింది. నాకు ఉద్యోగం త్వరగా దొరికింది.

అలాంటి ఒక మార్చి నెలలో, మర మంచి జోరు మీద ఉండగా, తొమ్మిదేళ్ళ మా అమ్మాయికి జ్వరం వచ్చి ఒంటి మీద నీటి పొక్కులు లేచాయి. బ్రాడీపేటలో పిల్లల డాక్టరుకి చూపించాం. ఆయన ఇంగ్లీషులో పేరు చెప్పి, మందులు రాసి, కాగితం చేతికిచ్చేటప్పుడు "ఇంట్లో తాలింపులవీ పెట్టకండి. పక్క మీద వేపాకు వేయండి" అన్నాడు.

"మెడికల్‌గా దానికేమన్నా..." అన్నాను.

"మెడికల్‌గా ఏం లేదండి. మీ అత్తగారు ఎలాగూ చేస్తారు. నేను చెప్పానంటే మీరు గొడవ పడకుండా ఉంటారు."

సాయంత్రం బస్సుకి అత్తగారు దిగనే దిగింది. వేటపాలెం పక్కన ఆవిడ ఊరు. సంచీ కింద పెట్టకుండానే గుమ్మానికి వేపకొమ్మ కట్టింది. మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడదు. పధ్నాలుగేళ్ళుగా మా ఆవిడ మీదుగానే మాట్లాడుతోంది, నేను ఎదురుగా ఉన్నా సరే.

"జబ్బు అనొద్దని మీ ఆయనకి చెప్పవే. అమ్మవారు వచ్చింది. పిల్లని పేరు పెట్టి పిలవొద్దు, అమ్మా అనాలి. పోపు పెట్టకూడదు, మాంసం వండకూడదు. ఇంకొకటి. ఎప్పుడు తగ్గుద్ది, ఎప్పుడు పోద్ది అని ఎవరూ అడగకూడదు. ఇంటికొచ్చిన మనిషిని ఎప్పుడు పోతావని అడుగుతామా?"

"అది వైరస్ అని డాక్టరు..." అన్నాను మా ఆవిడతో.

"ఉంటే ఉండనీయవే. వైరస్‌ని మాత్రం ఎవరు పొమ్మన్నారు?" అంది అత్తగారు.

ఆ విధంగా నా కూతురు ఒక్క పూటలో నాలుగో తరగతి నుంచి అమ్మవారిగా ప్రమోషను పొందింది. ఫోను అడిగితే ఇచ్చారు. పెరుగన్నంలో పంచదార అడిగితే వేశారు. "నాన్నా, నన్ను అమ్మా అనాలంట. హోంవర్క్ చెయ్యమని అనకూడదంట" అని నాకు కబురు పంపింది. రెండో నిబంధన అత్తగారు పెట్టింది కాదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మర ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను. మా ఫ్యాను తిరుగుతూనే ఉంది. బయటికొచ్చి చూస్తే మిల్లాయన గేటుకి అవతల నిలబడి ఉన్నాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. బనీను నిండా కారం.

"అమ్మవారు వచ్చారంట గదా మాస్టారూ. మీ గుమ్మానికి కొమ్మ ఇప్పుడే చూశాను. పొద్దున్నుంచీ ఆడించాను, తప్పయింది. ఆపేశాను."

"మీరెందుకు భాయ్ ఆపడం? సీజను గదా."

"ఆమె ఉన్నన్నాళ్ళూ ఘాటు లేవకూడదండి. పసిపిల్ల, ఒళ్ళంతా పుండై ఉంటది. దగ్గొస్తే తట్టుకోలేదు."

"ఎన్నాళ్ళు పడుతుందో ఏమో" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అది అడక్కూడదు మాస్టారూ. కొమ్మ దిగిన రోజున ఆడిద్దాంలెండి."

ఆయన వెళ్ళాక చాలాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాను. మూడు అర్జీలు, ఆరు సంవత్సరాలు, ఒక ఇన్‌స్పెక్షను, రెండు రసీదులు కలిసి చేయలేని పని, అత్తగారు దారిలో విరుచుకొచ్చిన కొమ్మ ఒక్క రాత్రిలో చేసింది. అదీ ఆ కొమ్మతో ఏ సంబంధమూ లేని మనిషి చేత చేయించింది. పద్ధెనిమిదేళ్ళుగా ప్రభుత్వం ఎలా పనిచేస్తుందో పాఠం చెబుతున్న వాణ్ణి. 

గోతాలు మోసుకొచ్చినవాళ్ళని ఆయన తిప్పి పంపడం వరండాలోంచి కనిపించేది. "పక్కింట్లో అమ్మవారు" అని ఒక్క మాట అనేవాడు. వాళ్ళు మా గుమ్మం వైపు చూసి, చేతులు జోడించి, గోతం మళ్ళీ సైకిలు మీద పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరూ ఎదురు చెప్పలేదు. కొందరు ఇంటి వైపు తిరిగారు. కొందరు రైలు పట్టాల వైపు తిరిగారు. అటు ఎంతమంది పోతున్నారో మిల్లాయన కూడా మర గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉండేవాడు.

అమ్మాయికి త్వరగానే తగ్గింది. బేసి రోజులు చూసి అత్తగారు మూడు సార్లు నీళ్ళు పోసింది. మూడో నీళ్ళకి పొక్కులన్నీ మాడి రాలిపోయాయి. మా ఆవిడ తను పనిచేసే స్కూలుకి ఎటూ సెలవు పెట్టింది కనుక, ఓ వారం పది రోజులు ముగ్గురూ వేటపాలెం వైపు వెళ్ళి సముద్రపు గాలి పీల్చుకుని వస్తామన్నారు. ఎండ ముదరకుండా తెల్లవారుజామున మొదటి బస్సుకి వెళ్ళారు. వీధిలో ఎవరూ ఇంకా తలుపు తీయలేదు.

"కొమ్మ తీసి ఏదన్నా చెట్టు మొదట్లో వేసి, కాసిని పసుపు నీళ్ళు పొయ్యమని మీ ఆయనకి చెప్పవే" అంది అత్తగారు, ఆటోలో కూర్చున్నాక, నా ముఖంలోకి చూస్తూ.

అలాగే చేద్దామనుకున్నాను. ముందు కాఫీ తాగుదామని కప్పు తెచ్చుకుని వరండాలో కూర్చున్నాను. మార్చి నెలలో మా వరండాలో కూర్చుని కాఫీ తాగడం అదే మొదటిసారి. తుమ్ము రాలేదు, కళ్ళు మండలేదు. ఎదురింటి కరివేపచెట్టు మీద పిట్టలు కూడా ఉంటాయని ఆ రోజే తెలిసింది. కొమ్మ రేపు తీద్దాంలే అనుకున్నాను.

రేపు కూడా అలాగే అనిపించింది.

మూడో రోజుకి కొమ్మ పూర్తిగా ఎండిపోయి ఆకులు రాలడం మొదలుపెట్టింది. నేను చేసింది ఇప్పుడు రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. కాలేజీ నుంచి వస్తూ బస్టాండు దగ్గర వేపచెట్టు కింద స్కూటరు ఆపి, ఒక మంచి కొమ్మ చూసి విరిచి, ఇంటికి తెచ్చి, ఎండినది తీసి పచ్చిది కట్టాను. అత్తగారి కంటే గట్టిగా కట్టాను. ఆ పని చేస్తున్నంతసేపూ నాకు తప్పు చేస్తున్నానని ఒక్కసారి కూడా తోచలేదు. కొమ్మ మీద నాకు నమ్మకం లేదు గదా. నమ్మకం లేనివాడు కొమ్మ కడితే అది ఒట్టి కొమ్మే అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం మిల్లాయన భార్య గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె, పైన అరిటాకు ముక్క.

"పెరుగన్నం తమ్ముడూ. అమ్మకి చలవ" అని గేటు మీదుగా అందించింది. ఏమీ అడగలేదు. నా ముఖం ఒకసారి పరీక్షగా చూసి వెళ్ళిపోయింది. ఆ మర్నాడూ తెచ్చింది. ప్రతిరోజూ తెచ్చింది. అమ్మవారికి పంపిన పెరుగన్నం రోజూ నేనే తిన్నాను. అల్లం ముక్కలూ, దానిమ్మ గింజలూ వేసేది. చాలా బాగుండేది.

వీధిలో మాత్రం ఏదో మారింది. నేను స్కూటరు మీద వస్తుంటే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. కొళాయి దగ్గర నాకు దారి ఇచ్చేవాళ్ళు. నా కుళ్ళు జోకులకి ఎవరూ నవ్వడం లేదు. అవి అంతకు ముందు కూడా పెద్దగా పేలేవి కావు కాబట్టి పట్టించుకోలేదు.

ఆ ఆదివారం పదిగంటలప్పుడు గిన్నె తిరిగిచ్చేద్దామని మరకి వెళ్ళాను. మర మూసి ఉంది. మిల్లాయన భార్య మెట్టు మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"భాయ్ లేరా?"

"దర్గాకి పోయాడు తమ్ముడూ."

"ఏ దర్గాకి?"

ఆవిడ చెప్పిన దర్గా మా ఊరి నుంచి బస్సులో రెండు గంటలు. "బస్సు దొరికిందా?" అన్నాను, ఏదో అనాలి కనుక.

"బస్సులో కాదు. నడిచి. చెప్పుల్లేకుండా. పొద్దున నమాజు అవగానే బయల్దేరాడు. రేపు సాయంత్రానికి చేరతాడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మోకాళ్ళ నొప్పులు మనిషికి. వద్దంటే విన్లేదు. పాప కోసం మొక్కుకున్నాడు."

"ఏ పాప?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఇరవై రోజులైంది తమ్ముడూ. పోసిన తల్లి దిగలేదు. మొన్న మళ్ళీ పచ్చి కొమ్మ కట్టారు. పాప గొంతు వినపడట్లేదు, మీ ఆవిడ వాకిట్లోకి రావట్లేదు. మీరేమో ఒక్కరే వరండాలో కూర్చుంటున్నారు. అడక్కూడదు గదా. ఆయన రాత్రి అన్నం కూడా తినలా."

గిన్నె నా చేతిలోనే ఉంది. అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. 

"పాప బాగానే ఉందండీ" అన్నాను.

"అంతే తమ్ముడూ. అలాగే అనాలి" అంటూ కళ్ళు తుడుచుకుంది.

నిజం చెప్పినా అది నిజంగా వినపడని చోటికి నన్ను నేనే తీసుకొచ్చుకున్నాను. గిన్నె మెట్టు మీద పెట్టి, ఇంటికొచ్చి స్కూటరు తీశాను.

ఆ రోడ్డు ఎన్నోసార్లు వెళ్ళిందే. రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చేలల్లో పీకిన పత్తి కట్టె కుప్పలు. చీమకుర్తి నుంచి రాళ్ళు వేసుకొచ్చే లారీలు పక్కనుంచి పోతుంటే స్కూటరు ఊగుతోంది. నా కళ్ళు మాత్రం రోడ్డు అంచు మీదే ఉన్నాయి. తారు అప్పుడే మెత్తబడుతోంది. టైరు కింద ఆ చప్పుడు వినిపిస్తుంటే, ఆ తారు మీద ఆయన అరికాళ్ళు పెట్టి నడిచాడన్న సంగతి కొంచెం కొంచెంగా అర్థమవుతూ వచ్చింది.

ఊరు దాటి మూడు ఊళ్ళ అవతల కనిపించాడు. టైరు పంక్చరైన రాళ్ళ లారీ ఒకటి రోడ్డు వారన ఆగి ఉంది. దాని నీడలో కూర్చుని రెండు పాదాలకీ తడి తువ్వాలు చుట్టుకున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. తువ్వాలు జారిపోయింది. ఆయన ముఖంలో రంగు దిగిపోవడం పది గజాల దూరం నుంచి చూశాను.

"ఏమైంది మాస్టారూ" అన్నాడు.

మరలో కేకలేసి మాట్లాడే మనిషి. ఆ రెండు మాటలూ అంత నెమ్మదిగా ఎవరూ అనగా నేను వినలేదు. నేను ఏ కబురు మోసుకొచ్చాననుకున్నాడో అప్పుడు అర్థమైంది.

"ఏం కాలేదు భాయ్. పాప బాగుంది. పది రోజుల నుంచీ బాగుంది. అమ్మమ్మగారి ఊళ్ళో ఉంది, జీడిపప్పు తింటోంది."

ఆయన అలాగే నిలబడ్డాడు. "మరి కొమ్మ?"

"తీయలేదు."

"పచ్చిది కట్టారు గదా మొన్న."

"అదీ నేనే కట్టాను."

"ఎందుకు?"

చెప్పడానికి ఒకటే మాట ఉంది. ఎలా తిప్పి చెప్పినా అదే. "ఘాటు" అన్నాను.

ఆయన మళ్ళీ లారీ నీడలో కూర్చున్నాడు. తువ్వాలు తీసి పిండి, మళ్ళీ పాదాలకి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. అరికాళ్ళు చూశాను. రాయకుండా వదిలేస్తాను.

"వరండాలో కూర్చుని కాఫీ తాగుతుంటే గోడ మీంచి చూసేవాణ్ణి మాస్టారూ" అన్నాడు. "మా ఆవిడతో అన్నాను. పాపం చదువుకున్నాయన గదా, ఏడవలేడు, అలా కూర్చుని మింగుకుంటున్నాడు అని."

నేను ఎదురుగా మట్టిలో కూర్చున్నాను. "తిట్టండి భాయ్."

"ఓపిక లేదండి. ఇంకా సగానికి పైగా నడవాలి."

"ఇంకా నడవడం ఎందుకు? పాప బాగుందంటున్నాను గదా. ఎక్కండి, ఇంటికి పోదాం."

"బాగుండాలనే మొక్కాను. బాగుంది. ఇప్పుడు ఎగ్గొట్టమంటారా?" అన్నాడు. "మొక్కింది మీకు కాదు గదా మాస్టారూ."

ఏం చేయాలో తోచక, నాకు తెలిసిన ఒకే ఒక మంచి పని చేయబోయాను. "ఇప్పుడే వెళ్ళి వీధిలో అందరికీ చెప్పేస్తాను. నేనే అబద్ధపు కొమ్మ కట్టానని, మీ సీజను నేనే పాడుచేశానని, మీ మర ముందే నిలబడి చెబుతాను."

ఆయన చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"నీకేమన్నా మతుందా?" అన్నాడు. ఆరేళ్ళలో నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. "చెబితే నీ పరువు పోద్ది. పోనీయ్, నీ ఇష్టం. వచ్చే ఏడు ఇంకొకళ్ళ ఇంట్లో నిజంగానే పోసిద్ది. వాళ్ళు కొమ్మ కడతారు. అప్పుడెవడో అంటాడు, ఇదీ మాస్టారు కట్టిన కొమ్మేనేమోరా అని. ఒక్కడు అంటే చాలు. ఇంక ఆ కొమ్మకి ఏ మరా ఆగదు. ఏ ఇంట్లో పోపూ ఆగదు. ఆ ఇంట్లో పిల్ల దగ్గి దగ్గి చావాల్సిందే. వాళ్ళ నాన్న అర్జీ పెట్టుకోవాల్సిందే."

లారీ కింద పడుకున్న డ్రైవరు ఇటు తిరిగి మళ్ళీ అటు తిరిగాడు.

"కొమ్మకి నోరుందా, పోలీసులున్నారా? కొమ్మ కట్టినోడు అబద్ధమాడడు అని అందరూ అనుకోబట్టి ఆగుద్ది" అన్నాడు, కొంచెం నెమ్మదించి. "దాన్ని పాడు చేశావు. చేసిందెటూ చేశావు. ఊరందరికీ చెప్పి పూర్తిగా పాడు చెయ్యమాకు."

నేను జీవితంలో విన్న సివిక్స్ పాఠాల్లో అంత సూటిది ఇంకొకటి లేదు. చెప్పిన మనిషి ఏడో తరగతితో చదువు మానేశాడు. 

చివరికి ఆరేళ్ళుగా అడగాలనుకున్నదో, ఇరవై రోజులుగా అడగాలనుకున్నదో అడిగాను. "మీరు నమ్ముతారా భాయ్, అమ్మవారిని?"

"మా మసీదులో పెద్దాయన నమ్మొద్దనే చెబుతాడు" అన్నాడు. "నమ్మకంతో పనేముంది మాస్టారూ? పక్కింట్లో బిడ్డ పడుకుని ఉంది. మర ఆపాలి. అంతే గదా."

మళ్ళీ మాస్టారు అన్నందుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆయనకి అది అంతే. నాకు మాత్రం ఆ లారీ నీడలో ఒక పెద్ద ముడి విడిపోయింది. నమ్మకం లేకపోతే ఆ తతంగమంతటికీ నేను బయట ఉన్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. బయట ఉన్నవాడు కొమ్మ కడితే మర ఎందుకు ఆగింది? ఆవిడ పెరుగన్నం ఎందుకు తెచ్చింది? తెలుగు మీద నమ్మకం ఉన్నా లేకపోయినా తెలుగులో అబద్ధమాడితే అది అబద్ధమే. నేను ఒక భాషలో అబద్ధమాడాను. అది భాష అనే నాకు తెలియదు.

ఆయన లేచాడు. నా చెప్పులు విడిచి ఆయన ముందు పెట్టబోయాను. వాటి వైపు ఒకసారి చూసి పక్కకి జరిగాడు. నేను మళ్ళీ తొడుక్కున్నాను.

"ముందు ఇంటికెళ్ళి కొమ్మ తీయండి" అన్నాడు. "లాగి పారేయమాకండి, వీధి చూస్తుంటది. స్నానం చేసి, మెల్లగా విప్పి, చెట్టు మొదట్లో పెట్టి పసుపు నీళ్ళు పోయండి. మా ఆవిడకి, పాపకి తల్లి దిగిందని చెప్పండి. ఇంకేం చెప్పమాకండి. నేను తిరిగొచ్చేసరికి మర తిరుగుతుండాలి. ఉగాదికి ఇంకా ఎన్నాళ్ళుంది?"

"తొమ్మిది రోజులు."

"తొమ్మిది చాలదు" అన్నాడు. అని రోడ్డు అంచు పట్టుకుని వెళ్ళిపోయాడు. తారు కాలుతున్నచోట పక్కనున్న ఎండుగడ్డి మీదకి దిగుతూ, గడ్డిలో ముళ్ళున్నచోట మళ్ళీ తారు మీదకి ఎక్కుతూ నడిచాడు. మలుపు తిరిగేదాకా చూశాను.

ఈ సంగతి ఇప్పుడు రాస్తున్నది ఆయన ఒప్పుకున్నాకే. "పేర్లు లేకుండా రాసుకోండి. ఊరు కూడా వద్దు" అన్నాడు. అందుకే అవి రాయలేదు.

ఇంటికొచ్చి స్నానం చేసి కొమ్మ విప్పాను. నేనే గట్టిగా కట్టడం వల్ల ముడి రావడానికి చాలాసేపు పట్టింది. అరుగుల మీద ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎదురింటి కరివేపచెట్టు మొదట్లో కొమ్మ పెట్టి పసుపు నీళ్ళు చాలా మెల్లగా పోశాను. భక్తితో పోశానని వాళ్ళు అనుకుని ఉంటారు. నేను దేనితో పోశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

మిల్లాయన భార్య పరుగున వచ్చింది. "దిగిందా తమ్ముడూ? పాప ఏదీ?"

ఫోనులో మా ఆవిడకి వీడియో కాల్ చేశాను. మూడు రోజుల క్రితమే అమ్మమ్మగారింటికి పంపామని, ఈ పొద్దున అక్కడే దిగిందని అబద్ధం చెప్పాను. ఆ ఇరవై రోజుల్లో నేనాడిన అబద్ధాల్లో అదొక్కటే ఇంకొకరి మాట మీద ఆడింది. తెర మీద మా అమ్మాయి నోటినిండా ఏదో నములుతూ చెయ్యి ఊపింది. ఆవిడ ఫోనుని రెండు చేతులతో పట్టుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.  ఫోను నాకిచ్చి, నేరుగా మరలోకి వెళ్ళి స్విచ్చి వేసింది.

రాత్రి మా ఆవిడకి ఫోనులో మొత్తం చెప్పాను.  "పచ్చి కొమ్మ కట్టారా మీరు?" అంది. అంతే. మర్నాడు పొద్దున్నే పిల్లని తీసుకుని వచ్చేసింది.

రెండు రోజులు ఆగి మిల్లాయన తిరిగొచ్చాడు, బస్సులో. అప్పటికి వీధంతా ఒకటే మాట. ఆయన నడక మొదలుపెట్టిన పూటే మాస్టారి పాపకి తల్లి దిగింది. ఎవరు లెక్క కట్టినా సరిగ్గా సరిపోతోంది. ఆడవాళ్ళు వచ్చి మా అమ్మాయి బుగ్గల మీద మచ్చలు తడిమి చూసి వెళ్ళారు. ఒకావిడ బిడ్డని ఎత్తుకొచ్చి మా అమ్మాయి చేత తల మీద చెయ్యి పెట్టించింది. మా వీధిలో ఒక మహిమ జరిగింది, దానికి కారణం నేను. కాదని చెప్పే హక్కు నాకు లేదు. నమ్మకం లేని మనిషికి అంతకంటే కఠినమైన శిక్ష ఏ మతమూ ఇంతవరకు కనిపెట్టలేదనుకుంటాను.

సీజను మాత్రం దెబ్బతింది. పోయిన ఇరవై రోజులూ పోయినట్టే. పట్టాల అవతల పట్టించుకున్నవాళ్ళు మళ్ళీ పట్టించుకోరు గదా. కానీ ఆ కబురు అటువైపుకి కూడా వెళ్ళింది. ఎప్పుడూ చూడని ముఖాలు గోతాలతో వచ్చి, "పాప కోసం మర ఆపిన ఆయన ఇదేనా?" అని అడిగి వరసలో నిలబడ్డారు. ఉగాది తర్వాత కూడా రెండు వారాలు వచ్చారు. మిల్లాయన పాదాలకి కట్లతో స్టూలు మీద కూర్చుని కాయ పోస్తూ, ఎవరేమడిగినా "అల్లా దయ, అమ్మ దయ" అని ఊరుకున్నాడు. నా వైపు చూడలేదు.

మేము ఆరేళ్ళుగా ప్యాకెట్ కారమే కొంటున్నాం, పంతానికి. ఆ శనివారం నేను బజారుకెళ్ళి ఐదు కిలోల కాయ కొని, మేడ మీద ఎండబెట్టి, గోతంలో కట్టి, మర్నాడు వెళ్ళి వరసలో నిలబడ్డాను. నా ముందు ఎనిమిది మంది. నన్ను ముందుకి రమ్మన్నారు. నేను వెళ్ళలేదు. గంటన్నర తుమ్ముతూ నిలబడ్డాక నా వంతు వచ్చింది.

మిల్లాయన గోతం మూతి విప్పి, ఒక గుప్పెడు కాయ తీసి, అరచేతిలో ఇటూ అటూ దొర్లించి చూశాడు.

"తొడిమలు తీయలేదు మాస్టారూ" అన్నాడు, అందరికీ వినపడేట్టు. "తీసుకుని రేపు రండి."

వెనకవాళ్ళు నవ్వారు. గోతం మూతి కట్టుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ చూసింది, సాయం చేస్తానని అనలేదు. వరండాలో కూర్చుని ఐదు కిలోల కాయకీ ఒక్కొక్కటిగా తొడిమ తీశాను. సాయంత్రమైంది. వేళ్ళు రెండు రోజులు మండాయి. కాలేజీలో సుద్దముక్క పట్టుకోలేకపోయాను. ఏమైందని పిల్లలు అడిగారు. చెప్పలేదు.